రెండో వారం చెప్పిన నిజం

2024లో తెలుగు సినిమా ఎలా నడిచిందని ఎవరిని అడిగినా ముందు కోట్ల లెక్క వస్తుంది. ‘కల్కి 2898 ఏడీ’ వెయ్యి కోట్ల గ్రాస్ దాటిందని నిర్మాతలు ప్రకటించారు. డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’ దాన్నీ మించిపోయింది. ఏడాది చివర పత్రికలు, టీవీ చానళ్లు ఇచ్చిన జాబితాలన్నీ ఈ అంకెల చుట్టూనే తిరిగాయి. ఆ లెక్కలో డబ్బు ఉంది కానీ మనుషులు లేరు. టికెట్టు ధర ఎంత ఉన్నప్పుడు, ఎంతమంది, ఏ రోజున వచ్చి చూశారన్న సంగతి మన పోస్టర్ల మీద ఎన్నడూ కనబడదు. సినిమాలు చూసేవాడి వైపు నుంచి ఆ ఏడాదిని చదవాలంటే రెండో వారం దగ్గర మొదలుపెట్టాలని నా వాదన. విడుదలైన రెండో వారంలో, ఏ హడావుడీ లేని సోమవారం మ్యాట్నీకి, జనం ఏ సినిమాకు వెళ్లారో చూడాలి. అలా చూస్తే, జనం థియేటరు మొహం చూడటం మానేశారన్న మాట 2024 విషయంలో నిలవదు. వాళ్లు వచ్చే వేళకు హాల్లో సినిమా లేకుండా పోతున్న ఏర్పాటే కనబడుతుంది.

రెండో వారానికి ఇంత విలువ ఎందుకంటే, మొదటి మూడు రోజుల టికెట్టు సినిమాను చూసి కొన్నది కాదు. హీరో పేరు, ట్రైలరు, పాటలు, అభిమానుల ఉత్సాహం, అడ్వాన్స్ బుకింగ్, ఇవన్నీ కలిసి ఆ టికెట్టును అమ్ముతాయి. చూసివచ్చినవాడు ఇంట్లోనో ఆఫీసులోనో ఊళ్లోనో ‘బావుంది, వెళ్లండి’ అన్నాక తెగే టికెట్టు వేరు. దాన్నే టాక్ అంటాం. ఒకప్పుడు ప్రింటు ఖరీదైన వస్తువు కాబట్టి సినిమా ముందు పెద్ద కేంద్రాల్లో పడి, ఆ తర్వాత బి, సి సెంటర్లకు చేరేది. ఆ ఆలస్యంలోనే టాక్‌కు కావలసిన వ్యవధి దొరికేది. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చి ప్రింటు ఖర్చు తీసేశాక, ఒకే శుక్రవారం ఊరూరా అన్ని హాళ్లలో ఒకే సినిమా వేయడం సులువైంది. మారుమూల పట్టణంలో ఉన్నవాడికీ మొదటిరోజే కొత్త సినిమా అందడం నిజంగా మేలే. అయితే వారం తిరిగేసరికి అన్ని హాళ్లూ ఒకేసారి ఖాళీ చేసి ఇంకో సినిమాకు ఇచ్చే పద్ధతి కూడా దాంతోపాటే వచ్చింది.

సంక్రాంతినే తీసుకుందాం. జనవరి 12న రెండు సినిమాలు ఎదురెదురుగా నిలిచాయి. ఒకటి మహేశ్‌బాబు, త్రివిక్రమ్ కలయికలో ‘గుంటూరు కారం’. రెండోది తేజ సజ్జా హీరోగా ప్రశాంత్ వర్మ తీసిన ‘హనుమాన్’. మరుసటి రోజు వెంకటేశ్ ‘సైంధవ్’, ఆ మరుసటి రోజు నాగార్జున ‘నా సామిరంగ’ వచ్చాయి. ఒత్తిడి తగ్గించడానికి రవితేజ ‘ఈగల్’ పండగ బరిలోంచి తప్పుకుని ఫిబ్రవరి 9కి వెళ్లింది. ఇంత జరిగినా హైదరాబాద్ సింగిల్ స్క్రీన్లలో ‘హనుమాన్’కు దొరికినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ‘గుంటూరు కారం’కు రేట్ల పెంపు, అర్ధరాత్రి దాటాక షోలు దొరికాయి. ‘హనుమాన్’ మామూలు రేట్లకే అమ్ముడుపోయింది. దానికి దన్నుగా నిలిచింది విడుదలకు ముందురోజు రాత్రి వేసిన ప్రీమియర్లు. అవి చూసినవాళ్ల మాట పండగ మూడు రోజుల్లో పల్లెలకు పాకింది. సొంతూళ్లకు వెళ్లిన కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని హాళ్ల ముందు నిలబడ్డాయి. రెండో వారానికి దాని థియేటర్లు తగ్గకపోగా పెరిగాయి. ఆ సినిమాకే తర్వాత జాతీయ అవార్డుల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఉత్తమ చిత్రం గౌరవం దక్కింది. మొదటిరోజు ఇచ్చిన హాళ్ల సంఖ్యే ఆఖరి తీర్పయితే ఆ సినిమా సంక్రాంతితోనే మరుగున పడేది.

వేసవి ఇంకో కోణం చూపించింది. తెలుగు ప్రేక్షకుడికి వేసవి సెలవులంటే సినిమా కాలం. ఆ ఏడాది మాత్రం పెద్ద సినిమాల తేదీలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతూ పోయాయి. ఏప్రిల్ 5న రావలసిన ‘దేవర’ అక్టోబరుకు వెళ్లి, మళ్లీ వెనక్కి జరిగి సెప్టెంబరు 27న వచ్చింది. మే 9న అనుకున్న ‘కల్కి’ ఎన్నికల వల్ల జూన్ 27కు వెళ్లింది. ఆగస్టు 15కు చెప్పిన ‘పుష్ప 2’ డిసెంబరులో పడింది. ‘దేవర’ వదిలిన తేదీని ‘ఫ్యామిలీ స్టార్’ అందుకుంది కానీ జనాన్ని నిలబెట్టుకోలేకపోయింది. మే 13న పోలింగు, సాయంత్రాలు ఐపీఎల్, హాళ్లలో వేయడానికి సినిమా లేదు. మే 17 నుంచి పది రోజులపాటు తెలంగాణలో సింగిల్ స్క్రీన్ యజమానులు షోలు ఆపేయాలని నిర్ణయించుకున్నారు. నడిస్తే కరెంటు బిల్లూ జీతాలూ చేతి నుంచి పెట్టుకోవాలి, మూసేస్తే నష్టం కొంత తగ్గుతుంది. జనం రావడం లేదనడానికి ఆ మూసివేతనే సాక్ష్యంగా చూపించినవాళ్లున్నారు. అంతకు రెండు నెలల ముందు అవే హాళ్లలో ఏం నడిచిందో వాళ్లు చెప్పలేదు. మార్చి 8న తెలుగులోకి వచ్చిన మలయాళం సినిమా ‘ప్రేమలు’లో మనకు తెలిసిన స్టార్ ఒక్కరూ లేరు. కథ జరిగేది మాత్రం హైదరాబాద్‌లో. ఆదిత్య హాసన్ రాసిన తెలుగు మాటలు కాలేజీ కుర్రాళ్ల నోళ్లలో నానాయి. ఆ నెలాఖరున వచ్చిన ‘టిల్లు స్క్వేర్’కు రెండో వారంలోనూ హాళ్లు నిండాయి. ఏప్రిల్‌లో తెలుగులోకి వచ్చిన ‘మంజుమ్మల్ బాయ్స్’నూ, జూన్‌లో విజయ్ సేతుపతి ‘మహారాజ’నూ జనం వెతుక్కుంటూ వెళ్లి చూశారు. అంటే మేలో ఖాళీ అయింది హాళ్లే, ప్రేక్షకుడి ఆసక్తి అక్కడే ఉంది.

ఆగస్టు మరీ స్పష్టం. స్వాతంత్ర్య దినోత్సవానికి రామ్, పూరీ జగన్నాథ్‌ల ‘డబుల్ ఇస్మార్ట్’, రవితేజ, హరీశ్ శంకర్‌ల ‘మిస్టర్ బచ్చన్’ ఒకేరోజు వచ్చాయి. రెండూ పెద్ద అంచనాలతో దిగినవే. నాలుగు రోజులు తిరక్కుండానే రెండూ చల్లబడ్డాయి. అదే రోజు వచ్చిన నార్నే నితిన్ ‘ఆయ్’కు మొదట షోలు తక్కువ. గోదావరి జిల్లాల యాస, వాన, ముగ్గురు స్నేహితుల సరదా, ఇంతే దాని పెట్టుబడి. వారంలోపే దానికి షోలు పెంచాల్సి వచ్చింది. అంతకు ఆరు రోజుల ముందు, ఆగస్టు 9న, నిహారిక కొణిదెల నిర్మాణంలో యదు వంశీ తీసిన ‘కమిటీ కుర్రోళ్లు’ విడుదలైంది. తెర మీద దాదాపు అందరూ కొత్త మొహాలు. ఊరి జాతర, విడిపోయిన స్నేహితులు, కులం, రిజర్వేషన్ గురించి కుర్రాళ్లు నిజంగా ఎలా మాట్లాడుకుంటారో అలా రాసిన సన్నివేశాలు, వీటి బలంతోనే అది వారాలు ఆడింది. మహేశ్‌బాబు పుట్టినరోజున ‘మురారి’ రీరిలీజ్ అయింది కూడా ఆగస్టు 9నే. 2001 నాటి సినిమా, టీవీలో లెక్కలేనన్నిసార్లు వచ్చిన సినిమా. దానికీ హాళ్లు నిండాయి, పెళ్లి పాట వస్తుంటే అక్షింతలు చల్లుకున్నారు. ఆ నెలలోనే ‘ఇంద్ర’, సెప్టెంబరు 2న ‘గబ్బర్‌సింగ్’ మళ్లీ వచ్చాయి. చేతిలోని ఫోనులో ఉచితంగా దొరికే సినిమాకు టికెట్టు కొనుక్కుని వెళ్లిన జనాన్ని థియేటరు మీద మమకారం పోయినవాళ్లని ఎలా అనగలం?

దీపావళికి మళ్లీ అదే జరిగింది. అక్టోబరు 31న ఒకేసారి వచ్చిన వెంకీ అట్లూరి ‘లక్కీ భాస్కర్’, కిరణ్ అబ్బవరం ‘క’, తమిళం నుంచి ‘అమరన్’, మూడూ టాక్ మీదే నడిచాయి. బొంబాయి బ్యాంకు గుమాస్తా కథ ఒకటి, పోస్టుమ్యాన్ చుట్టూ అల్లిన మిస్టరీ ఒకటి, మేజర్ ముకుంద్ వరదరాజన్ జీవితం ఒకటి. ఒకదాన్నొకటి తినెయ్యలేదు. ఒకే వారంలో మూడు మంచి సినిమాలు వస్తే జనం మూడింటికీ వెళ్తారని అర్థమైంది. పోటీ వల్లే సినిమాలు నష్టపోతున్నాయని వినబడే వాదనకు ఆ పండగ గట్టి జవాబు.

మరి ఇంత ఆసక్తి ఉండగా రెండో వారం ఎందుకు చిక్కిపోతోంది? మొదటి కారణం టికెట్టు ధర. తెలంగాణలో 2021 డిసెంబరు ఉత్తర్వు ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్లో గరిష్ఠ ధర 150 రూపాయలు, మల్టీప్లెక్సులో 250, వీటికి జీఎస్టీ అదనం. పన్నుతో కలిపితే 177, 295 అవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చిలో ఖరారైన మామూలు ధరలు ఇంతకంటే తక్కువ. పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా రెండు ప్రభుత్వాలూ దీనిమీద పెంపు ఇస్తూ వచ్చాయి. ‘కల్కి’కి తెలంగాణలో ఎనిమిది రోజులపాటు సింగిల్ స్క్రీన్లో 70, మల్టీప్లెక్సులో 100 పెంచుకోనిచ్చారు. ‘పుష్ప 2’కు డిసెంబరు 4 రాత్రి ప్రీమియరుకు ఏకంగా 800 అదనం, ఆపై నాలుగు రోజులు సింగిల్ స్క్రీన్లో 150, మల్టీప్లెక్సులో 200. ఆ నాలుగు రోజుల్లో హైదరాబాద్ మల్టీప్లెక్సులో ఒక టికెట్టు పన్నుతో కలిపి ఐదు వందలు దాటింది. భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో వెళ్తే రెండు వేలకు పైగా టికెట్లకే, పాప్‌కార్న్ పార్కింగు తర్వాతి మాట. నెలకు పాతిక వేలు సంపాదించే ఇంట్లో ఆ ఖర్చు ఏడాదికి ఒక్కసారి పెడతారు, మహా అయితే రెండుసార్లు. ఆ ఒక్కసారి అయిపోయాక వచ్చే నెల ‘ఆయ్’ లాంటి సినిమాకు మిగిలేదేముంటుంది? పెంపు ఆ ఒక్క సినిమాతో ఆగదు, దాని వెనక వచ్చేవాటి ప్రేక్షకుణ్ని కూడా ముందే ఖర్చు చేసేస్తుంది.

రెండోది హాలు అద్దె పద్ధతి. ఇది బయటివాళ్లకు అంతగా తెలియదు. సింగిల్ స్క్రీన్ యజమానికి డబ్బు రెండు రకాలుగా వస్తుంది. డిస్ట్రిబ్యూటరు వారానికి ఇంతని స్థిరమైన రెంటు కట్టడం ఒకటి, వసూళ్లలో ఇంత శాతమని పంచుకోవడం ఇంకొకటి. పెద్ద సినిమాలకు మొదటి వారం రెంటు మీద నడిపి, వసూళ్లు పడిపోయాక శాతానికి మారుస్తున్నారని ఎగ్జిబిటర్ల ఫిర్యాదు. అంటే డబ్బు బాగా వచ్చే రోజుల్లో హాలువాడికి నికరమైన అద్దే తప్ప లాభంలో వాటా లేదు, తగ్గిన రోజుల్లో మాత్రం నష్టంలో వాటా ఉంది. ఈ లెక్క ఉన్నంతకాలం ఏ హాలు యజమానైనా రెండో వారం మీద నమ్మకం పెట్టుకోడు. కొత్త సినిమా వస్తే చాలు, పాతదాన్ని దించేస్తాడు. 2025 మేలో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు శాతం పద్ధతి కావాలని, లేదంటే జూన్ 1 నుంచి హాళ్లు మూస్తామని అనేదాకా వెళ్లడం వెనక ఉన్న మంట ఇదే. మూసివేత జరగలేదు కానీ వాళ్లు లేవనెత్తిన ప్రశ్న న్యాయమైనది. మొదటిరోజు నుంచీ శాతమే ఉంటే సినిమా నిలబడటంలో హాలువాడికీ స్వార్థం ఉంటుంది.

మూడోది ఓటీటీ గడువు. ‘గుంటూరు కారం’ నాలుగు వారాలకే నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ‘ఫ్యామిలీ స్టార్’ మూడు వారాలకే అమెజాన్ ప్రైమ్‌లో కనబడింది. బాగా ఆడుతున్న ‘టిల్లు స్క్వేర్’, ‘సరిపోదా శనివారం’, ‘లక్కీ భాస్కర్’, ‘ఆయ్’ కూడా నాలుగు వారాలకే నెట్‌ఫ్లిక్స్ చేరాయి. నెలలో ఇంటికొస్తుందని తెలిసినవాడు మొదటి వారం తప్పితే ఆగిపోతాడు. ఇందులో ప్రేక్షకుణ్ని తప్పుపట్టడానికేమీ లేదు. ‘హనుమాన్’ మాత్రం తొమ్మిది వారాలు ఆగి మార్చి మధ్యలో జీ5లోకి వచ్చింది. దాని సుదీర్ఘమైన పరుగులో ఈ ఓపిక వాటా తక్కువేం కాదు.

సినిమా అప్పు మీద తీసేది, వడ్డీ నెలనెలా పెరుగుతుంది, పైరసీ మొదటిరోజే మొదలవుతుంది, కాబట్టి పెట్టిన డబ్బు వారంలో తిరిగి రావాలి, అందుకే పెంపు, అందుకే హడావుడి అని నిర్మాతలు చెబుతారు. ఈ మాటలో నిజం ఉంది, నేను తోసిపుచ్చను. వందల కోట్లు పెట్టినవాడి భయం పెట్టనివాడికి తెలియదు. అయితే ‘పుష్ప 2’కు ఇచ్చిన తెలంగాణ ఉత్తర్వునే చదవండి. సింగిల్ స్క్రీన్లో నాలుగు రోజులు 150 పెంపు, తర్వాత ఎనిమిది రోజులు 105, ఆపై వారం 20. మూడో వారానికి ధర దిగితే తప్ప మామూలు కుటుంబం రాదని పరిశ్రమకు బాగా తెలుసని ఆ మెట్లే చెబుతున్నాయి. ‘కల్కి’ కూడా మొదటి వారంతో ఆగలేదు. పెంపు ముగిశాక పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చిన కుటుంబాలే దాన్ని జూలై అంతా నడిపాయి. పెద్ద పెట్టుబడిని కాపాడింది కూడా చివరికి ఆ తర్వాతి వారాలే. పెంపు వల్ల మొదటి వారంలో డబ్బు త్వరగా వచ్చిన మాట నిజమే గానీ, ఆ జనం మామూలు ధరకైతే రానివాళ్లేం కాదు. చిన్న సినిమాకు ఈ పెంపు దొరకదు, దాని దెబ్బ మాత్రం తగులుతుంది.

ఇంకో అభ్యంతరం, ‘మంచి సినిమా ఎలాగైనా ఆడుతుంది, కంటెంటే రాజు’ అని. వినడానికి ధైర్యంగా ఉంటుంది, కానీ 2024 దీన్ని పూర్తిగా ఒప్పుకోదు. నివేదా థామస్ నటించిన ‘35 చిన్న కథ కాదు’ను చూడండి. తిరుపతి నేపథ్యం, లెక్కల్లో సున్నాకు విలువేమిటని అడిగే పిల్లాడు, పదో తరగతి గట్టెక్కని తల్లి వాడికి చదువు చెప్పడానికి పూనుకోవడం. చూసినవాళ్లలో మెచ్చనివాళ్లు లేరు. సెప్టెంబరు 6న విడుదలయ్యేనాటికి విజయవాడ, ఖమ్మం వరద నీటిలో ఉన్నాయి. ఆ ఊళ్లు తేరుకుని సినిమా వైపు చూసేవరకు దాన్ని నిలిపే హాళ్లు దొరకలేదు. వారం తిరిగేసరికి సెప్టెంబరు 13న కొత్త సినిమాలు దిగాయి. అక్టోబరు 2న ఆహాలో వచ్చాక ఇళ్లలో చూసి, ఇది థియేటర్లో చూడాల్సిందని అనుకున్నవాళ్లు ఎందరో. తెలంగాణ ప్రభుత్వం 2024 సినిమాలకు ఇచ్చిన గద్దర్ అవార్డుల్లో నివేదకు ఉత్తమ నటి పురస్కారం, సినిమాకు ఉత్తమ బాలల చిత్రం గౌరవం వచ్చాయి. సినిమా మంచిదైతే చాలదు. ఆ మంచితనం ఊరికి తెలిసేదాకా తెర మీద ఉండాలి.

మూడో అభ్యంతరం నాకు అన్నిటికంటే బరువుగా తోస్తుంది. ఓటీటీ డబ్బు లేకపోతే సగం సినిమాలు మొదలే కావు, గడువు పెంచితే ఆ సంస్థలు ధర తగ్గిస్తాయి, నష్టపోయేది చిన్న నిర్మాతే అంటారు. నిజమే, ఈటీవీ విన్, ఆహా లాంటివి కొన్న సినిమాల్లో చాలావాటికి అదే ప్రాణాధారం. కానీ గడువు పెంచడం అసాధ్యమన్న మాటకు ‘దేవర’ జవాబిస్తుంది. సెప్టెంబరు 27న విడుదలైన ఆ సినిమా దక్షిణాది భాషల్లో నవంబరు 8న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. హిందీలో నవంబరు 22న. ఆ రెండు వారాల తేడాకు మూలం, ఎనిమిది వారాల గడువు లేని హిందీ సినిమాను తమ తెరల మీద వేయబోమని ఉత్తరాది మల్టీప్లెక్సు గొలుసులు పెట్టుకున్న షరతు. ‘కల్కి’, ‘పుష్ప 2’ ఎనిమిది వారాలు ఆగినదీ హిందీ మార్కెట్టు కోసమే. ‘దేవర’ విషయంలో అదే నిర్మాతలు, అదే ఓటీటీ సంస్థ, అదే సినిమా. హిందీ థియేటరుకు ఎనిమిది వారాల గౌరవం దక్కింది, తెలుగు థియేటరుకు ఆరు వారాలు. అడిగినవాళ్లకు దొరికింది, అడగనివాళ్లకు దొరకలేదు. చిన్న సినిమాకు నాలుగు వారాలే ఉండనిచ్చి, వంద కోట్ల బడ్జెట్టు దాటినవాటికైనా తెలుగులో ఎనిమిది వారాలు ఖాయం చేయమని మన ఎగ్జిబిటర్లు, ఫిలిం చాంబర్ అడగడానికి అడ్డేముంది?

మొదటి గంట మీద పరిశ్రమ పెంచిన మోజు ఎంత దూరం వెళ్లిందో డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటరు దగ్గర కనబడింది. ‘పుష్ప 2’ ప్రీమియరు సమయంలో జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. బాధ్యత ఎవరిదన్నది చట్టం తేల్చవలసిన విషయం. ఒక కుటుంబం సినిమా చూడటానికి వెళ్లి ఇలా తిరిగి రావడం మాత్రం తెలుగు ప్రేక్షకులెవరూ మరిచిపోకూడనిది. డిసెంబరు 21న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇక బెనిఫిట్ షోలు, రేట్ల పెంపు ఉండవని శాసనసభలో ప్రకటించారు. షోల వేళల్ని ఉత్తర్వుతో ఆపవచ్చు. కానీ ముందు చూడకపోతే వెనకబడిపోతామన్న తొందరను నేర్పింది ప్రచారం, ధర, గడువు కలిసి. ఆ మూడూ మారకుండా తొందర తగ్గదు.

కావలసిన మార్పులు పెద్దవేమీ కావు. ‘పుష్ప 2’ ఉత్తర్వులో పెంపును మెట్లుమెట్లుగా దింపినట్టే, మామూలు ధరను కూడా రెండో వారం నుంచి దింపవచ్చు. మల్టీప్లెక్సులో సోమవారం నుంచి గురువారం వరకు 150కి టికెట్టు ఇస్తే ఖాళీ కుర్చీ కంటే అది నయమే. చిన్న సినిమాకు వారానికి ఇన్ని షోలని కాకుండా, రెండు వారాలపాటు రోజుకు ఒక సాయంత్రం ఆట అని హామీ ఇస్తే చాలు. ఉద్యోగం ముగించుకుని వచ్చేవాడు చూడగలిగేది ఫస్ట్ షోనే. ఇప్పుడు చిన్న సినిమాకు దొరికేది ఎక్కువగా పొద్దున పదకొండు గంటల ఆట, అది పనిచేసే మనిషి చూడలేని వేళ. గ్రాస్‌తోపాటు అమ్మిన టికెట్ల సంఖ్యనూ ప్రకటించడం మొదలుపెట్టాలి. 800 అదనంతో అమ్మిన ఒక్క ప్రీమియర్ టికెట్టు, మామూలు రోజున సింగిల్ స్క్రీన్లో అమ్మే ఐదు టికెట్లకంటే ఎక్కువ డబ్బు తెస్తుంది. కోట్ల లెక్కలో ఆ ఒక్కరూ ఈ ఐదుగురూ సమానమైపోతారు. ఎంతమంది చూశారో తెలిస్తే ‘కమిటీ కుర్రోళ్లు’, ‘ఆయ్’, ‘క’ లాంటివి 2024 జాబితాలో ఎక్కడ నిలుస్తాయో మనమూ చూడవచ్చు, వాటి తర్వాతి సినిమాకు హాళ్లు ఇచ్చేవాళ్లూ చూస్తారు.